అలమర వెనక గోడ

అక్కా,

నీ ఉత్తరం వచ్చి చాలా రోజులైంది. జవాబు రాయలేదని తిట్టుకుంటూ ఉంటావు. తిట్టుకో. ఇన్నాళ్ళూ నేను కూడా ఇంకో మనిషిని తిట్టుకుంటూ కూర్చున్నాను, దానికే తీరిక సరిపోలేదు. ఆ మనిషెవరో నీకు చెప్పక్కర్లేదు. మా చిన్నది. నా తోటికోడలు.

"మళ్ళీ మొదలెట్టావా బుంగమూతీ" అని నువ్వు నవ్వుతున్నావని తెలుసు. చిన్నప్పుడు నువ్వు పెట్టిన పేరు ఊరికే పోలేదు. జుట్టు నెరిసింది గాని మూతి మాత్రం అలాగే ఉంది. ఈసారికి నవ్వకుండా చదువు. నా లైబ్రరీ చేజారేలా ఉంది.

పేరుకు మున్సిపాలిటీది, లైబ్రేరియన్ని నేను గనక నా లైబ్రరీ అంటాను, నువ్వు చూశావు కదా. చుట్టూ చెక్క వసారా, పైకి మెలికలు తిరుగుతూ వెళ్ళే మెట్లు, రంగుటద్దాల కిటికీలు. నువ్వు చూసినప్పుడు గోడలు పొడిగా ఉండేవి. ఇప్పుడు ఏటివైపు గోడ కింది నుంచి తడి లాగుతోంది. పై వసారా దూలాలు మెత్తబడ్డాయి, మెట్ల తలుపుకు తాళం వేసి ఉంచాను. మున్సిపాలిటీ ఇంజనీరు వచ్చి చూసి, నా ఒక్కదానికే వినపడేలా చెప్పాడు: "అమ్మా, త్వరగా బాగుచేయించకపోతే పుస్తకాలన్నీ బస్టాండు మీది గదుల్లోకి మార్చి దీన్ని మూసేయాల్సిందే." బస్టాండు మీద! హారన్ల మధ్య ఎవరు చదువుతారక్కా? నా పెళ్ళయి ఈ ఊరు వచ్చిన దగ్గర్నుంచి నాది అని చెప్పుకోవడానికి ఉన్నది ఆ ఒక్క హాలే.

ఊళ్ళో ప్రతి ఇంటివాళ్ళూ ఇంటిపన్నుతో పాటు ఇంకాస్త కడతారని ఒకసారి చెప్పాను. ఆ కాస్తా కాస్తా కలిపితే పాతఊరి నిధి. పాత కట్టడాలు బాగుచేయడానికి, ఖాళీ స్థలాలు ఎవరూ మింగేయకుండా ఊరి పేర కొనడానికి, చిన్న సంపాదనల వాళ్ళకు ఇళ్ళు కట్టించడానికి ఆ డబ్బు వాడతారు. కమిటీ వడపోసి పెడుతుంది, చివరి మాట ఊరిది. బడి హాల్లో అందరూ కూర్చుని చేతులెత్తి తేలుస్తారు. ఈ ఏడు ఏటి ఒడ్డున మైదానం కొనడానికే సగానికి పైగా పోయింది. మిగిలింది ఒక్క కట్టడానికి సరిపోతుంది. దరఖాస్తులు రెండు. ఒకటి నా లైబ్రరీది. రెండోది, ఇంకెవరిది, మా చిన్నదాని ప్రెస్సుది.

ప్రెస్సంటే మా మామగారి అచ్చాఫీసు. సీసపు అక్షరాలు ఒక్కొక్కటే ఏరి వరసగా కూర్చి, కాలితో తొక్కే యంత్రం మీద అచ్చు వేసే చోటు. ఇప్పుడు ఆ పని చేసే వాళ్ళు ఎక్కడా లేరని, మా చిన్నదొక్కతే మిగిలిందని ఊరంతా దాన్ని నెత్తిన పెట్టుకుంటుంది. పోస్టుమాను నాకు ఉత్తరం కిటికీలోంచి పడేసి పోతాడు, దాని దగ్గర మాత్రం గడప మీద కూర్చుని కబుర్లు చెబుతాడు. అది లైబ్రరీకి వచ్చి నా పుస్తకం తిరిగిస్తే అట్ట మీద నల్లటి బొటనవేలి మచ్చ. "ఇదిగో అక్కా, ముద్ర కూడా వేసి ఇచ్చాను" అంటుంది. అందరూ పగలబడి నవ్వుతారు. ఆ మచ్చ తుడుస్తూ కూర్చునేది నేను. తుడిచేవాళ్ళను చూసి ఎవరు నవ్వుతారు, ఎవరు మెచ్చుకుంటారు?

నీకు చెప్పని సంగతి ఒకటుంది. అది కోడలుగా రాకముందు మామగారి పక్కన కూర్చుని అక్షరాలు కూర్చింది నేను. ఆయన నేర్పారు, నేను నేర్చుకున్నాను, నా వరస ఒక్కటి కూడా వంకర పోయేది కాదు. పని అయ్యాక చేతులు శుభ్రంగా కడుక్కునేదాన్ని, అంతే నా నేరం. అది వచ్చిన కొత్తలోనే మోచేతుల దాకా సిరా పూసుకుని నిలబడింది. మామగారు దాన్ని చూసి మురిసిపోయి, "చేతులు మురికి చేసుకోవడానికి భయపడని పిల్ల వచ్చింది" అని అక్షరాల చట్రం దాని చేతిలో పెట్టేశారు. నేను పక్కనే ఉన్నాను, కడిగిన చేతులతో. ఆ రోజు లోపల అంటుకున్నది ఇప్పటికీ ఆరలేదు.

ఇప్పుడు అసలు కష్టం విను. మా ఊళ్ళో ఒక పద్ధతి ఉంది. ఎవరి దరఖాస్తు గురించి వాళ్ళు సభలో నోరు విప్పకూడదు. ఒకప్పుడు ఎవరికి వాళ్ళు పొగుడుకుని, కుర్చీలు విసురుకునే దాకా వెళ్ళిందట. అప్పట్నుంచి ఒకరి చోటు ఇంకొకరు వెళ్ళి చూసి వచ్చి, వాళ్ళ తరఫున మాట్లాడాలి. చూసి వచ్చినవాళ్ళ మాటే ఊరికి కళ్ళు. ఉన్నవి రెండే కాబట్టి చీటీలు వేసే పని కూడా లేకపోయింది. దాని ప్రెస్సు గురించి నేను, నా లైబ్రరీ గురించి అది.

కమిటీ పెద్ద పళ్ళ డాక్టరుగారు ఈ మాట చెప్పి, "మీ ఇద్దరికీ ఇబ్బంది లేదుగా? ఒకే ఇంటివాళ్ళు" అన్నాడు. నోరు తెరవమనడం ఆయనకు అలవాటు, నేను తెరవలేదు. మా చిన్నది మాత్రం "అక్క మాట్లాడితే నాకింకేం కావాలి" అని నవ్వేసింది. ఇంటికొచ్చి మా ఆయనకు చెబితే, "చిన్నది బాగా మాట్లాడుతుందిలే, నీకేం భయం లేదు" అన్నాడు. నా మాటెలా ఉంటుందో ఒక్క ముక్క అనలేదు. కట్టుకున్నవాడికి కూడా అదే కనిపిస్తుంది.

అక్కా, నా నోటితో దాన్ని పొగడాలి. నా చేతులారా దానికి నా హాలు అప్పజెప్పాలి. నువ్వైతే ఏం చేసేదానివి?

నీ
బుంగమూతి

*

అక్కా,

"పోనీలే, నాలుగు మంచి మాటలు చెప్పి ఊరుకో" అని రాశావు. నీకు తోటికోడలు లేదు కాబట్టి రాయగలిగావు.

నిన్న దాని ప్రెస్సు చూసి వచ్చాను. చాలా ఏళ్ళుగా గడప లోపలికి వెళ్ళలేదు, ఏదో పని ఉందని తప్పించుకునేదాన్ని. వెళ్ళగానే ఎదురొచ్చి, "రా అక్కా, అడుగు చూసి వెయ్యి, అక్కడ బండ ఊడింది" అంది. తలుపు మూత పడదు, తాడుతో కట్టి ఉంది. పైకప్పు జల్లెడే. ఒక్కో చిల్లు కింద ఒక్కో పాత్ర పెట్టింది. బకెట్టు, బేసిన్ను, టీ గిన్నె, ఆఖరికి మా మరిది హెల్మెట్టు కూడా వెల్లకిలా పెట్టి ఉంది. "ఆయన బండి ఎక్కేటప్పుడు నీళ్ళు పారబోసి పెట్టుకుంటాడు" అని చెప్పి అదే నవ్వింది. పెద్ద పోస్టర్లకు వాడే చెక్క అక్షరాలు నీళ్ళు తాగి ఉబ్బి చట్రంలో పట్టడం లేదు. యంత్రం కాళ్ళు తుప్పు పట్టాయి. ఎలుకలు ఒక అర మొత్తం కాపురానికి తీసుకున్నాయి. ఇది కూడా చూడు అక్కా, అది కూడా చూడు అక్కా అని చెయ్యి పట్టుకుని మూలమూలా తిప్పింది. పెళ్ళిలో నగలు చూపించినట్టు చిల్లులు చూపించింది.

నిజం రాసేస్తున్నాను. ఒక్కో చిల్లు చూస్తుంటే నాకు లోపల ఒక్కో దీపం వెలిగింది. ఇంత పాడుబడ్డ కొట్టానికి డబ్బెవరు పోస్తారు? తమకు గొప్పగా కనిపించేదానికే జనం చెయ్యెత్తుతారు. అందుకే తీర్మానం చేసుకున్నాను. అబద్ధం ఒక్కటి కూడా చెప్పను. చూసిందే చెబుతాను, చూసినదంతా చెబుతాను. తాడూ, హెల్మెట్టూ, ఎలుకలూ, తుప్పూ, ఏదీ వదలను. నేను చూసి వచ్చిందేమిటో ఊరంతా వినాలి. అప్పుడు దాని నవ్వు ఎలా ఉంటుందో చూస్తాను.

ఈరోజు అది నా దగ్గరికి వచ్చింది. దాని రాక కోసం ముందే అన్నీ సర్దాను. అటెండరూ నేనూ కలిసి పెద్ద అలమరని ఈడ్చి తడిగోడకు అడ్డంగా పెట్టాం. ఇద్దరికీ నడుములు పట్టేశాయి. పగులు మీద దేశపటం వేలాడదీశాను. నేల మెరిసేలా కడిగించాను, రంగుటద్దాలు తుడిపించాను. పొద్దుటి ఎండ లోపలికి పడి హాలంతా ఎరుపూ నీలమూ పరిచినట్టుంటే, గుమ్మంలోకి రాగానే అది నిలబడిపోయింది. నాకు ప్రాణం లేచొచ్చింది.

కుర్చీలో కూర్చుని చేతులు ఒళ్ళో పెట్టుకుంది. ఏదీ ముట్టుకోలేదు. "అక్కా, ఎక్కడైనా బాగాలేకపోతే చెప్పు. నాకు నీలా మాటలు కూర్చడం రాదు, రాసుకుని పోతాను" అంది. "చూస్తున్నావుగా, చెప్పడానికేముంది" అన్నాను. పైకి వెళ్ళి చూద్దామా అని అడిగింది. తాళంచెవి ఎక్కడో పెట్టి మర్చిపోయానన్నాను. నా సంచిలోనే ఉంది. దాని ముందు నా గోడ తడిసిందని, నా దూలం పుచ్చిందని నోటితో చెప్పడం నా వల్ల కాలేదు. దరఖాస్తులో కూడా "చిన్నపాటి మరమ్మతులు" అని మాత్రమే రాశాను. ఆ రోజు చేతులు కడుక్కుని నిలబడ్డదాన్ని, ఈ రోజు గోడకు మరకతో దాని ముందు నిలబడాలా?

ఎల్లుండే సభ. నా కోసం నువ్వక్కడ దేవుడికి దణ్ణం పెట్టుకో.

నీ
బుంగమూతి

*

అక్కా,

అయిపోయింది. చేజేతులా చేసుకున్నాను. ఎవరిమీద అరవాలో తెలియక నీకు రాస్తున్నాను.

సభలో ముందు నా వంతు. లేచి నిలబడి మొదలుపెట్టాను. తలుపుకు తాడు గురించి చెప్పాను. బకెట్లు ఒక్కొక్కటే వరసగా చెప్పాను. హెల్మెట్టు దగ్గర ఎవరో కిసుక్కుమన్నారు, నాకు హుషారొచ్చింది. ఉబ్బిన అక్షరాలు, తుప్పు, ఎలుకలు, ఊడిన బండ, ఒక్కటీ వదల్లేదు. "ఇంకొక్క గట్టి వాన పడితే అక్కడ మిగిలేది గోడలే" అని ముగించాను. పచారీకొట్టు ముసలాయన కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. దెబ్బ తగిలిందనుకున్నానక్కా. గెలిచానని కూర్చున్నాను.

తర్వాత మా చిన్నది లేచింది. రాసుకొచ్చిన కాగితం విప్పింది. "మా అక్క లైబ్రరీలో దుమ్ము కూడా లోపలికి రావడానికి అనుమతి అడుగుతుంది" అంది. అందరూ నవ్వారు. రంగుటద్దాల గురించి చెప్పింది, నేల మీద పడే ఎండ గురించి చెప్పింది. "ఒక్క పుస్తకం వంకరగా ఉండదు. ఒక్క గోడకు మచ్చ ఉండదు. లోపలికి వెళితే చెప్పులతో పాటు గొంతు కూడా బయట విడిచి వెళ్ళాలనిపిస్తుంది. మన ఊళ్ళో ఇంత బాగా, ఇంత గట్టిగా ఉన్న చోటు ఇంకొకటి లేదు" అంది. చప్పట్లు మోగిపోయాయి. జీవితంలో మొదటిసారి ఊరంతా నా పనికి చప్పట్లు కొట్టింది. నాకు కళ్ళు చెమర్చాయి. ఆ చప్పట్లే నా కొంప ముంచుతున్నాయని ఒక్కరవ్వ కూడా తోచలేదు.

పళ్ళ డాక్టరుగారు లేచి, "విన్నారుగా. ఒకటి భేషుగ్గా ఉంది, ఒకటి కూలిపోయేలా ఉంది. పన్ను నొప్పి లేనివాళ్ళు నా దగ్గరికి రారు. నిధి ఉన్నది పోయేదాన్ని నిలబెట్టడానికి కదా. చేతులెత్తండి" అన్నాడు. లైబ్రరీ అనగానే పైకి లేచిన చేతులు అక్కడొకటీ ఇక్కడొకటీ. వాటిలో ఒకటి నల్లటి సిరా చెయ్యి, చివరిదాకా దించలేదు. ప్రెస్సు అనగానే హాలంతా చేతుల అడవి. మా ఆయన చెయ్యి కూడా అందులోనే ఉంది. నా చేతులు మాత్రం నా ఒళ్ళోనే ఉన్నాయి.

లేచి అరవాలనుకున్నాను: నా గోడ తడిసిపోయింది, నా దూలాలు పుచ్చిపోయాయి అని. నా దాని గురించి నేను నోరు విప్పకూడదు. విప్పినా, "మరి మీ తోటికోడలు అబద్ధమాడిందా" అంటే ఏం చెప్పను? అది అబద్ధం ఆడలేదు. నేను చూపించిందే అది చూసింది.

ఇంక ఆ తర్వాత జరిగింది విను, నా పరువు ఎలా దక్కిందో. మా చిన్నది పరుగెత్తుకొచ్చి నన్ను వాటేసుకుని ఏడ్చింది. నా లేతరంగు చీర భుజం మీద అయిదు వేళ్ళూ పడ్డాయి. జనమంతా చుట్టూ చేరి, "తోటికోడలంటే ఇలా ఉండాలి" అని నన్ను పొగడ్డం మొదలుపెట్టారు. "తన లైబ్రరీకి రావాల్సిన డబ్బు పోతుందని తెలిసి కూడా చెల్లెలి కోసం ఎంత బాగా చెప్పిందో" అట! ఒళ్ళంతా కారం రాసినట్టయింది. ఇంటికి వస్తూ మా ఆయన, "నువ్వు ఇంత పెద్ద మనసు దానివని నాకు ఇన్నాళ్ళూ తెలియలేదు" అన్నాడు. నాకూ తెలియదన్నాను. ఆయన నవ్వాడు. నేను నిజమే చెప్పాను.

అప్పట్నుంచి ఒకటే ఆలోచన. అంత తెలివితక్కువదా అది? పొగిడితే డబ్బు రాదని దానికి తెలియదా? అమాయకంగా నవ్వుతూ, నా మెడకు దండ వేస్తూనే కోసేసిందా? వచ్చిన ప్రతి మనిషినీ ఆ నవ్వుతోనే కదా గెలుచుకుంది. నాకైతే అనుమానం గట్టిపడుతోంది. నువ్వేమంటావు?

నిన్న వాన పడింది. వెళ్ళి అలమర కింది వరస తీసి చూస్తే పుస్తకాల అట్టలు వెనక నుంచి మెత్తబడి ఉన్నాయి. గోడను దాచాను గాని, తడికి అలమర అడ్డం కాలేదు.

నీ
బుంగమూతి

*

చెల్లాయీ,

వీధి చివర ఉన్న మనిషికి ఉత్తరమేమిటని నవ్వుతావు. ఎదురుగా వస్తే నువ్వు నవ్వుతావు, నువ్వు నవ్వితే నాకు ఒళ్ళు మండుతుంది, చెప్పాల్సిన మాట గొంతులోనే ఉండిపోతుంది. అందుకని రాస్తున్నాను. చెల్లాయీ అని పిలవడం కూడా ఇదే మొదలు. ఇన్నేళ్ళూ వెనకాల "మా చిన్నది" అని, ముందర "ఏమ్మా" అని సరిపెట్టాను.

నిన్న నువ్వు ఊరికి కృతజ్ఞతలు చెబుతూ అచ్చు వేసిన కాగితం పట్టుకొచ్చి, "అక్కా, వరసలు నిటారుగా వచ్చాయా చూడు" అన్నావు. కింద "మా అక్క మాటకు" అని ఉంది. అది చూసేసరికి ఆగలేకపోయాను. "నా లైబ్రరీని అంత పొగిడి ఎందుకు ముంచావు?" అని మొహం మీదే అడిగేశాను. నువ్వు తెల్లబోయావు. "ముంచడమేంటక్కా? అంత బాగున్నదానికి ఎందుకివ్వలేదో నాకు ఇప్పటికీ అర్థం కాలేదు. నువ్వే గెలుస్తావని, నేను కొట్టం ఖాళీ చేసుకోవాలని ముందురోజే అక్షరాలు పెట్టెల్లో సర్దేసుకున్నాను" అన్నావు. నీ కళ్ళల్లోకి చూశాను. ఎంత వెతికినా నాకు కావలసిన మోసం అక్కడ దొరకలేదు. నిజం చెప్పనా, దొరకనందుకు ఇంకా కోపం వచ్చింది.

అప్పుడు నువ్వు ఇంకో మాటన్నావు. "నీ హాలు చూస్తే నాకు కుళ్ళు అక్కా. మామయ్యగారు ఉన్నన్నాళ్ళూ నా వరస చూసినప్పుడల్లా, మీ అక్కలాగా ఒక్క వరసైనా తిన్నగా కూర్చగలవా అని దెప్పేవారు. సిరా పూసుకోవడం ఎవరికైనా వస్తుంది, తిన్నగా కూర్చడమే పని అనేవారు. నీ లైబ్రరీకి వస్తే అందుకే ఏదీ ముట్టుకోను, మరక పడితే మళ్ళీ నేనే కదా అనిపిస్తుంది." ఆయన ఆ మాట నాతో ఒక్కసారైనా అని ఉంటే ఎంత బాగుండేది. నీకు వరసల గురించి నన్ను చూపించి, నాకు చేతుల గురించి నిన్ను చూపించి, ఇద్దర్నీ బాగానే వాయించి వెళ్ళిపోయారు మహానుభావుడు.

నేను మాట్లాడలేదని, మూతి ముడుచుకున్నానని నువ్వు వెళ్ళిపోయావు. ఇప్పుడు మాట్లాడుతున్నాను. సభలో నేను నీ కోసం మాట్లాడలేదు. నీ కొట్టం పరువు తీయడానికి లేచాను. నీ చిల్లులు చెబుతుంటే నాకు తీపిగా ఉంది. కాగితంలోంచి ఆ "మా అక్క మాటకు" తీసేయి. లేదా ఉంచుకో, అది నీ ఇష్టం. ఉంచుకుంటే మాత్రం అబద్ధమని తెలిసి ఉంచుకో. ఊళ్ళో ఉన్న మా అక్కయ్యకు కూడా నీ గురించి ఎన్నో ఉత్తరాలు రాశాను, ఒక్కటి కూడా నువ్వు చదవదగ్గది కాదు.

కుళ్ళు పోయిందని అనుకోకు. నీ గడప మీద పోస్టుమాను కూర్చుంటే ఇప్పటికీ నాకు మండుతుంది. రేపు నీ కప్పు మీద కొత్త రేకులు మెరుస్తుంటే ఇంకా మండుతుంది. అది ఎక్కడికీ పోదు, దాంతో ఎలా బతకాలో నేను చూసుకుంటాను.

పళ్ళ డాక్టరుగారిని ఈ పొద్దున కలిశాను. ఈసారి నోరు తెరిచాను. కూలే ప్రమాదం ఉన్నవాటికి అత్యవసరంగా ఇవ్వడానికి నిధిలో కొంత విడిగా ఉంచుతారట. గోడకూ దూలాలకూ మాత్రం సరిపోతుందేమో. వచ్చే సభలో అడగొచ్చు. పద్ధతి మాత్రం మారదు, నా గురించి ఇంకొకరు వచ్చి చూసి చెప్పాలి. ఎవరు చెబుతారని అడిగాడు. నీ పేరు చెప్పాను.

రేపు పొద్దున రా. మెట్ల తాళంచెవి పోలేదు, ఆ రోజు కూడా నా సంచిలోనే ఉంది. దేశపటం వెనక పగులుంది, చూపిస్తాను. పుచ్చిన దూలం చూపిస్తాను, వేలు పెట్టి పొడిచి చూడు. మెత్తబడ్డ పుస్తకాలు చూపిస్తాను. నువ్వు నన్ను చెయ్యి పట్టుకుని తిప్పినట్టే మూలమూలా తిప్పుతాను. అంతా రాసుకో. సభలో మాత్రం ఒక్క మంచి మాట కూడా అనొద్దు. నీ ప్రెస్సు గురించి నేను ఎంత కసిగా చెప్పానో, నా లైబ్రరీ గురించి నువ్వు అంత కసిగా చెప్పాలి.

అన్నిటికన్నా ముందు పెద్ద అలమర జరపాలి. దాని వెనకే అసలు గోడ ఉంది. అటెండరుకు ఇంకా నడుం పట్టేసే ఉంది, నా ఒక్కదాని వల్ల కాదు. ఒక కొస నేను పట్టుకుంటాను, రెండోది నువ్వు పట్టు. చేతులు కడుక్కుని రావాలని కూర్చోకు, ఎలా ఉంటే అలా వచ్చేయి.

మీ అక్క